గీకేది తక్కువ, కడిగేది ఎక్కువ: అమ్మ పెళ్ళినాటి బీరువాకు మళ్ళీ రంగు

మీరు అడిగింది ఇదీ. విశాఖలో, సముద్రానికి కిలోమీటరు లోపే మీ ఇల్లు. 1978లో అమ్మగారి పెళ్ళికి తాతగారు ఇచ్చిన స్టీలు బీరువా ఉంది, దాంతోపాటు ఒక ఇనప మంచం, నాలుగు మడత కుర్చీలు. మూడేళ్ళ కిందట పెయింటరుతో బీరువాకు రంగు వేయిస్తే ఏడాది తిరక్కుండానే అడుగున పొక్కులు లేచాయి, తలుపు మీద పెచ్చులు ఊడుతున్నాయి. మొత్తం గీకించి పౌడర్ కోటింగ్‌కి (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే పనికి) ఇవ్వాలా, ఇంట్లోనే చేసుకోవచ్చా, లేక పాతసామాన్ల వాడికి తూకానికి వేసేయాలా?

తూకానికి మాత్రం వేయకండి. ఆ రోజుల్లో వాడిన రేకు మందం మామూలుగా 20 గేజి, అంటే దగ్గర దగ్గర 0.9 మిల్లీమీటరు. ఇప్పుడు బజార్లో చవగ్గా దొరికే బీరువా తలుపును బొటనవేలితో నొక్కి చూడండి, డప్పులా లోపలికి పోయి టప్పుమని బయటికొస్తుంది. మీది అలా నొక్కుకోదు. అడుగున పోయినా పైన ఇంకో ముప్ఫై ఏళ్ళు ఉండే సరుకది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలకు రంగులేసే షెడ్డులో పని నేర్చుకున్నాను. తర్వాత సొంతంగా స్టీలు ఫర్నిచర్ తయారీ, మరమ్మతు ఇరవై ఏళ్ళకు పైగా చేశాను. నా దగ్గరికి వచ్చిన పాత బీరువాల్లో సగానికి సగం తుప్పు వల్ల పాడైనవి కావు, వాటిని బాగుచేయబోయి పాడుచేసినవి. అందుకే మీ ప్రశ్నలో ‘మొత్తం గీకించి’ అన్న మాట దగ్గరే ఆగుతున్నాను.

మొత్తం గీకించొద్దు. కారణం చెబుతాను. పేరున్న ఫ్యాక్టరీలో చేసిన పాత బీరువాకు వేసే రంగు మనం కుంచెతో వేసే ఎనామిల్ లాంటిది కాదు. రేకును నూనె లేకుండా కడిగి, ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచి, రంగు చల్లి, 120 నుంచి 150 డిగ్రీల వేడిలో ఓవెన్‌లో కాలుస్తారు. దాన్ని స్టవ్ ఎనామిల్ అంటారు. కాల్చిన కుండకూ పచ్చి కుండకూ ఉన్నంత తేడా ఉంటుంది ఆ పూతకూ, మన ఇంట్లో ఆరే పూతకూ. దాని కింద ఇనుముకు పట్టుకున్న ఆ ఫాస్ఫేట్ పొరను ఇంట్లో మళ్ళీ తెచ్చుకోలేం. గట్టిగా ఉన్నచోట ఆ పాత పూతే మీకు దొరికే ప్రైమర్లన్నిటిలోకీ (రంగుకు ముందు వేసే అడుగు పూతలన్నిటిలోకీ) మంచి ప్రైమర్. గ్రైండర్‌కు కప్పులాంటి తీగల బ్రష్ తగిలించి దాన్ని లేపేయడమంటే, బాగున్న పన్ను పీకించుకుని కట్టుడు పన్ను పెట్టించుకోవడమే.

అయితే ఏది ఫ్యాక్టరీ పూత, ఏది మూడేళ్ళ కిందటి పూత అని తేల్చుకోవాలి. దీనికో చిన్న పరీక్ష ఉంది. పెయింటు కొట్లో ఎన్‌సీ థిన్నర్ అని అడగండి, రంగును కరిగించే ద్రావకం అది. తెల్లటి నూలుగుడ్డ తడిపి తలుపు పక్కన, కనపడని చోట, నిమిషం పాటు అదిమి పెట్టండి. గుడ్డకు రంగు జిగటగా అంటుకుంటే అది డ్యూకో రకం, అంటే నైట్రోసెల్యులోజ్ లక్క రంగు. రంగు ముడతలు పడి పైకి లేస్తే మామూలు ఎనామిల్, అంటే మీ పెయింటరు వేసింది. ఏమీ కాకుండా కాస్త మెరుపు మాత్రమే తగ్గితే అది కాల్చిన పూత. మీ ఇంట్లో మొదట ముడతలు పడుతుంది, దాన్ని గీకేసి మళ్ళీ పెడితే కింద పొర కదలదు, నా అంచనా ఇది. పైది తీసేయండి, కిందది ఉంచండి. తలుపు మీద ఎలాగూ పెచ్చులూడుతున్నాయన్నారు కాబట్టి లప్పం పట్టీతో చాలావరకు పొరలు పొరలుగా వచ్చేస్తుంది. పట్టీ మొనలను ముందు ఆకురాయితో గుండ్రంగా చేసుకోండి, లేకపోతే రేకు మీద గీతలు పడతాయి.

తలుపు మీద రంగు ఎందుకు ఊడిందో ఇక్కడే తేలిపోతుంది. కాల్చిన పూత గాజులా నున్నగా ఉంటుంది. దాన్ని గరుకు చేయకుండా మీద ఎనామిల్ రుద్దితే అది పట్టుకోదు, అతుక్కున్నట్టు కనపడుతుందంతే. పైగా మీ బీరువా సుత్తితో కొట్టినట్టు చిన్న చిన్న గుంటలుగా మెరిసే హ్యామర్‌టోన్ రకమైతే, ఆ నమూనా రావడానికి కొన్ని రంగుల్లో సిలికాన్ కలుపుతారు. సిలికాన్ ఉన్నచోట కొత్త రంగు పరుచుకోకుండా గుండ్రంగా విడిపోయి చేపకళ్ళలా నిలుస్తుంది. మన ఇళ్ళలో ఇంకో సంగతి కూడా ఉంది. శుక్రవారం శుక్రవారం తలుపు మీద పెట్టిన పసుపు కుంకుమ బొట్లు, లక్ష్మీదేవి స్టిక్కరు జిగురు, పిడి చుట్టూ నలభై ఏళ్ళ చేతి జిడ్డు. వీటి మీద రంగు నిలవదు. ఎమరీ పేపరు ముందు పట్టుకుంటే ఆ జిడ్డు రేకులోకి ఇంకా రుద్దుకుపోతుంది. కాబట్టి ముందు సబ్బు నీళ్ళు, తర్వాతే పేపరు.

అడుగున పొక్కుల కథ వేరు, అసలు శత్రువు అక్కడే ఉంది. సముద్రగాలిలో ఉప్పు ఉంటుంది. రోజూ తడిగుడ్డతో నేల తుడిచినప్పుడు ఆ నీళ్ళు బీరువా కింద అంచుకు తగిలి మడతలోకి పాకుతాయి. ఉప్పు మీద రంగు వేస్తే పైకి నున్నగానే ఉంటుంది. కానీ ఏ రంగు పొరైనా కాస్తో కూస్తో తేమను లోపలికి రానిస్తుంది. కింద ఉన్న ఉప్పు ఆ తేమను లాక్కుని నీటి బుడగ కడుతుంది. తర్వాత తుప్పు. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ జాగా కావాలి, కాబట్టి పూతను పైకి ఎత్తేస్తుంది. మీ పెయింటరు మంచి రంగే వేసి ఉండొచ్చు. రంగు మార్చినంత మాత్రాన ఇది ఆగదు.

అందుకని మొదటి రోజు పనంతా నీళ్ళతోనే. బీరువా ఖాళీ చేసి, అద్దం తీయించి, పిడి విప్పి (లోపలి వైపు స్క్రూలు ఉంటాయి), ఇద్దరు మనుషులతో వెనక్కి పడుకోబెట్టండి. పాత గోనెసంచులు పరిచి వాటి మీద. అడుగుభాగం చూడటం చాలామందికి జీవితంలో అదే మొదటిసారి అవుతుంది. ఊడిపోయే పెచ్చులన్నీ గీకేసి, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు కలిపి బ్రష్‌తో తోమండి. ఆ తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి. విశాఖలో కొన్నిచోట్ల బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్ళు వద్దు. కడిగిన వెంటనే తుడిచి, ఫ్యాను పెట్టి, మడతల్లో తడి లేకుండా ఆరనివ్వాలి.

ఈ కడగడం గురించి ఎందుకింత చెబుతున్నానంటే, నాకు ఒకసారి గట్టి పాఠం అయింది. పనిలో చేరిన కొత్తల్లో ఒక బస్సు తలుపు రేకును నిగనిగలాడేలా గీకాను. మేస్త్రి చూసి మెచ్చుకుంటాడని దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే పిలిచి చూపించాడు. రేకు మీద నా అయిదు వేళ్ళూ, అరచేతి రేఖలతో సహా, ఎర్రటి తుప్పుతో అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. చెమటలోని ఉప్పు చాలు దానికి. ‘హస్తసాముద్రికం చెప్పించుకో’ అని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి గీకిన ఇనుమును వట్టి చేత్తో ముట్టను. మీరూ చేతితొడుగులు వేసుకోండి.

ఇక తుప్పు. స్క్రూడ్రైవరు మొనతో కింది అంచంతా పొడుస్తూ పోండి. టంగుమంటే రేకు ఉంది. దబ్‌మని లోపలికి దిగితే చిల్లు. చిన్న చిల్లులకు వెల్డింగు పెట్టించకండి, ఇంత పలచటి రేకు వేడికి అలలు తేలుతుంది, పక్కన బాగున్న పూత కూడా మాడిపోతుంది. లోపలి వైపు నుంచి రేకు ముక్క పెట్టి పాప్ రివెట్లు కొట్టించడం మేలు. కాళ్ళ దగ్గర బరువు మోసే చోట పోతే మాత్రం వెల్డరు అవసరమే, అక్కడ వరుసగా లాగకుండా అక్కడక్కడ చుక్కల్లా టాకాలు వేయమనండి.

చిల్లు పడని తుప్పును వైర్ బ్రష్‌తో, ఆ తర్వాత 80, 120 నంబరు ఎమరీ పేపర్లతో తీయండి. ఇక్కడ ఒక్క విషయం తేలిగ్గా తీసుకోవద్దు. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. 1978 నాటి పూతలో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు. పూత ఉన్నచోట నీళ్ళతో తడుపుతూ వాటర్ పేపరు వాడండి. ఇనుము బయటపడిన చోట నీళ్ళ బదులు టర్పెంటాయిల్‌తో తడపండి, తుప్పు మళ్ళీ పట్టదు, దుమ్మూ లేవదు. దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకుండా విడివిడిగా ఆరేయండి. ఇంట్లో చిన్నపిల్లలో, కడుపుతో ఉన్నవాళ్ళో ఉంటే ఈ పని డాబా మీదో, పెరట్లోనో చేసి, గీకిన ముద్దంతా కాగితంలో పోగుచేసి మూట కట్టేయండి. ముక్కుకు మామూలు గుడ్డ చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి.

ఎంత గీకినా గుంటల్లో నల్లగా, ఎర్రగా కొంత మిగులుతుంది. దానికి రస్ట్ కన్వర్టర్ అని హార్డ్‌వేర్ కొట్లో సీసాల్లో అమ్ముతారు. ఫాస్ఫారిక్ ఆమ్లం రకం ఒకటి, టానిన్ రకం ఒకటి. టానిన్ రకం పూస్తే ఎర్రటి తుప్పు కళ్ళముందే నల్లబడుతుంది. ఇది మనకు కొత్త విద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు వచ్చేది ఇలాగే. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ ద్రావణంతో కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నల్లగా స్థిరపడతాయి. బీరువా మీద జరిగేదీ అదే, అక్కడ అందానికి, ఇక్కడ కాపుదలకు. అలాగని కరక్కాయ కషాయం కాచి పూయకండి, సీసాలో మందు కొనుక్కోండి. కన్వర్టర్ పలచటి తుప్పుకే పనిచేస్తుంది, పెచ్చులుగా ఉన్నదాని మీద పూస్తే పైపైన నల్లబడి లోపల ఎర్రగానే ఉంటుంది.

బాత్‌రూముల్లో వాడే యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. కొందరు పెయింటర్లు అది రాస్తే తుప్పు క్షణంలో పోతుందంటారు. నిజమే, పోతుంది. కానీ అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాంట్లోని క్లోరైడ్ రేకు మడతల్లో చిక్కుకుని ఎంత కడిగినా పోదు. సముద్రం తెచ్చిన ఉప్పును కడిగి, సీసాలో ఉప్పును మనమే పోసినట్టు.

అడుగు మడతల్లోకి బ్రష్ పోదు. ఇంజెక్షన్ సిరంజితో కన్వర్టర్ ఎక్కించి, అంతా ఆరాక, రంగుల పని మొత్తం అయిపోయిన తర్వాత, కార్ల కింద కొట్టే మైనం రకం యాంటీ రస్ట్ స్ప్రే ఆ మడతల్లోకి కొట్టండి. ముందే కొడితే ఆ జిడ్డు మీద రంగు పట్టదు.

గుంటలు పూడ్చడానికి గోడలకు పెట్టే లప్పం వాడొద్దు. తెల్ల సిమెంటుతో చేసిన ఆ పొడి ఇనుము మీద నిలవదు, తేమ తగిలితే పెచ్చులుగా ఊడొస్తుంది. కార్ల డెంటింగ్ షెడ్డుల్లో వాడే మెటల్ పేస్ట్, చిన్న ట్యూబులో గట్టిపరిచే మందు పక్కనే ఇస్తారు, అది కావాలి. మందు ఎక్కువ కలిపితే చేతిలోనే బిగుసుకుంటుంది, కాబట్టి నిమ్మకాయంత నిమ్మకాయంత కలుపుకుంటూ పోండి. అయినా నా మాట వింటే, ముందు తలుపులకే పేస్ట్ పెట్టండి. పక్కలా, అడుగూ కాస్త గుంటలుగా ఉంటే ఉండనీండి, నలభై ఏళ్ళ వస్తువు ముఖాన ఆ మాత్రం మచ్చలు ఉంటాయి.

గట్టిగా ఉన్న పాత పూతను 220, తర్వాత 320 వాటర్ పేపరుతో మెరుపు పోయేంతవరకే రుద్దండి. పాత పూతకూ బయటపడిన ఇనుముకూ మధ్య గట్టులా ఉన్న అంచు వేలికి తగలకుండా చేయాలి. కళ్ళతో కాదు, కళ్ళు మూసుకుని తొడుగు వేసుకున్న వేలితో తడిమి చూడండి. ఆఖర్న థిన్నర్ తడిపిన శుభ్రమైన గుడ్డతో ఒకసారి తుడిచి, అదే రోజు ప్రైమర్ వేసేయాలి. మీ ఊరి గాలికి పొద్దున గీకిన ఇనుము మర్నాటికి ఎర్రబడుతుంది.

ప్రైమర్ గురించి ఒక గందరగోళం ఉంది. కొట్లో ‘ఎర్ర ప్రైమర్’ అని అడిగితే ఇచ్చేది రెడ్ ఆక్సైడ్, అంటే ఇనుప ఆక్సైడు, జేగురు మన్ను వర్ణం. వెనకటి పెద్దవాళ్ళు ఇనుముకు పూసే సిందూరం వేరు. అది రెడ్ లెడ్, అంటే సీసపు ఆక్సైడు. ఎవరైనా పాత డబ్బా మిగిలిందని ఇస్తే ముట్టుకోవద్దు. మామూలు రెడ్ ఆక్సైడ్ కిటికీ ఊచలకు చాలు. సముద్రం పక్కన బీరువా అడుగుకు మాత్రం రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ ప్రైమర్ వాడండి. డబ్బా మీద రాసిన పాళ్ళలో కలిపి, చెప్పిన వ్యవధిలో వాడేయాలి. అడుగున, కింది నుంచి ఒక జానెడు ఎత్తు వరకు రెండు కోట్లు, మిగతా అంతటా ఒకటి. జింక్ క్రోమేట్ కలిసినవి కూడా దొరుకుతాయి. వాటి దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, ఇంట్లో రుద్దే పనికి నేను చెప్పను.

లెక్కకొస్తే, ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు బీరువాకు వెనక వదిలేస్తే బయట దగ్గర దగ్గర 44 చదరపు అడుగులు. లీటరు ఎనామిల్ ఒక కోటుకు వంద చదరపు అడుగులకు అటూఇటూగా వస్తుంది. కాబట్టి రెండు కోట్లకు లీటరు డబ్బా చాలు. నాలుగు లీటర్లు తెమ్మన్న పెయింటరును ఎందుకని అడగండి.

పైరంగుకు మంచి సింథటిక్ ఎనామిల్ చాలు. టర్పెంటాయిల్ కొంచెమే కలిపి, పలచగా రెండు కోట్లు, మధ్యలో ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి. ఎన్‌సీ థిన్నర్ కలిపితే త్వరగా ఆరుతుందని ఎవరైనా అంటే వినకండి, కింద పొర ముడుచుకుపోతుంది. ఒకేసారి దట్టంగా వేస్తే పాలమీద మీగడ కట్టినట్టు పైన పొర గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, నెల తర్వాత కూడా గోరు దిగుతుంది. కార్లకు కొట్టే పీయూ (పాలీయురేథేన్) రంగు మెరుపు బాగుంటుంది కానీ దాన్ని చల్లితే వచ్చే ఐసోసయనేట్ పొగ ప్రమాదం, ఇళ్ళ మధ్య చేసే పని కాదు. తలుపులు కిందికి పడుకోబెట్టి వేస్తే రంగు ధారలు కట్టదు. కుంచె గీతలు కనపడకూడదంటే తలుపులు మాత్రం విప్పి దగ్గర్లోని డెంటింగ్ షెడ్డుకు తీసుకెళ్ళి స్ప్రే గన్‌తో కొట్టించుకోండి, ప్రైమరు దాకా పని మీ చేతిది కాబట్టి భయం లేదు.

ముహూర్తం చెప్పమంటే, మీ ఊరికి సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరి దాకా. అప్పుడు కూడా తెల్లవారుజామున మంచు ఆరాక, తొమ్మిది తర్వాత మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆపేయండి. సాయంత్రం వేసిన పచ్చి రంగు మీద మంచు దిగితే మెరుపంతా పోయి పాలిపోయినట్టు అవుతుంది. నిట్టనిలువు ఎండలోనూ వద్దు.

మంచం, కుర్చీలు మాత్రం పౌడర్ కోటింగ్‌కి ఇచ్చేయండి. గొట్టాలకు, మూలలకు కుంచె పని విసుగు, పైగా అవి రోజూ రాసుకుంటాయి. నవారు, ప్లాస్టిక్ బుడిపెలు అన్నీ తీసేసి ఇవ్వాలి, ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. తుప్పు తీసి ఫాస్ఫేటింగ్ చేశాకే పౌడర్ కొడతారా అని అడిగి, వీలైతే నిలబడి చూడండి, తుడిచి కొట్టేసేవాళ్ళు ఉన్నారు. బీరువాకు ఈ దారి వద్దన్నది కూడా ఆ వేడి వల్లే. మడతల్లో నలభై ఏళ్ళుగా ఇంకిన నూనె మరిగి పైకొచ్చి బుడగలు తేలుతుంది, మెటల్ పేస్ట్ పెట్టినచోట పొంగుతుంది, పైగా ముందు ఆ మంచి పూతంతా తీసేయాలి. కుర్చీల్లో ఏదైనా జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) గొట్టంతో చేసిందేమో కూడా చూసుకోండి, రంగు కింద నీటి మీద మంచు పేరినట్టు వెండి పువ్వులు కనపడతాయి. దాని మీద మామూలు ఎనామిల్ వేస్తే జింకుతో కలిసి సబ్బులా మారి ఊడిపోతుంది, జీఐకి వేరే ప్రైమర్ ఉంది.

బీరువా నిలబెట్టేటప్పుడు నాలుగు కాళ్ళ కింద అంగుళం మందం గ్రానైటు ముక్కలు, వాటి మీద రబ్బరు బిళ్ళలు పెట్టండి. మార్బుల్ కొట్లో పనికిరాని ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. తడిగుడ్డ నీళ్ళు అంచును తాకవు. గోడకు మూడంగుళాల ఎడం ఉంచండి. తాళం రంధ్రంలో నూనె పోయొద్దు, పెన్సిలు ముల్లు పొడి చేసి ఊదండి, తాళంచెవి తిప్పితే అదే లోపలికి పోతుంది.

లోపలి అరలకు అసలు రంగు వేయకండి, తుప్పు ఉన్న మచ్చల వరకే చూసుకోండి. బయట ఎనామిల్ కూడా చేతికి ఆరినట్టున్నా వాసన రెండు మూడు వారాలు వస్తూనే ఉంటుంది. తలుపులు తెరిచి ఉంచి, రోజూ రాత్రి మూసి, పొద్దున్నే తెరిచి లోపల తల పెట్టి వాసన చూడండి. ముక్కుకు తగిలిందంటే అమ్మగారి పట్టుచీరలు ఇంకో వారం మంచం మీదే ఉండనివ్వండి.